అదనపు శ్వాసకు దరఖాస్తు

రాష్ట్ర గృహ శీతలీకరణ మండలి ఏర్పడిన నాటినుండి ఆ నగరంలో కిటికీలకు గడ్డుకాలం వచ్చింది. వేసవిలో ప్రభుత్వోద్యోగులు వాడిపోతున్నారనీ, వాడిన ఉద్యోగి చేతిలో ఫైలు సైతం సొమ్మసిల్లుతున్నదనీ పెద్దలెవరో గ్రహించి, ఉద్యోగుల క్వార్టర్లన్నిటికీ ఏసీలు బిగించాలని తీర్మానించారు. ఆలోచన మంచిదే. దాన్ని అమలు చేయడానికి ఒక మండలిని నియమించడంతో ఆ మంచితనం అక్కడితో ఆగిపోయింది.

మండలి అధ్యక్షులు భుజంగరావుగారు మొదటి సమావేశంలోనే మూలసూత్రాన్ని ప్రకటించారు.

"ఇల్లంటే ఏమిటి? ఫ్లాస్కు! కాఫీ పోసుకున్న ఫ్లాస్కుకు ఎవరైనా కిటికీలు పెడతారా?"

పెట్టరని పదిమంది సభ్యులూ ఏకగ్రీవంగా అంగీకరించారు. కొత్తగా వచ్చిన సభ్యుడొకడు మాత్రం, ఆ ఫ్లాస్కులో మనుషులుంటారు కనుక వారికి ఊపిరి ఎలాగని అడిగాడు. అధ్యక్షులవారు లేచి, గాజు పలకలోనుండి గోడవతల వేలాడుతున్న యంత్రాన్ని చూపించారు.

"ఆ పంకా ఎందుకు తిరుగుతున్నదనుకున్నారు? బయటి గాలిని లోపలికి తోడడానికే కదా!"

చీఫ్ ఇంజనీరు త్రివిక్రమయ్య జీవితమంతా కాలువగట్లు కట్టించి, పదోన్నతి మీద చల్లదనంలోకి వచ్చినవాడు. ఆయన వెంటనే బలపరిచాడు. "బావికి మోటారు ఎలాగో, ఇంటికి ఇది అలాగే సార్."

ఈ విజ్ఞానాన్ని నిబంధనలుగా మలచవలసిన బాధ్యత ముసాయిదాల విభాగం సూపరింటెండెంటు నరహరిది. ఇరవై రెండేళ్ళుగా మండలులు పుట్టాయి, గిట్టాయి. నరహరి కలం మాత్రం ఆగలేదు. అతనికి అత్యంత ప్రియమైన పదం 'భావించవలెను'. నిరూపించలేనిదాన్ని భావింపజేయడం పరిపాలనకు ప్రాణమని అతని విశ్వాసం. అందుచేత మూడో నిబంధన ఇలా రాశాడు: "యంత్రము బయటి గాలిని లోనికి తెచ్చుచున్నదని భావించవలెను." మూడోది ఒప్పుకున్న తరువాత నాలుగోది దానంతటదే వచ్చింది. కిటికీలు, వెంటిలేటర్లు, వంటింటి పంకా కన్నాలు ఇక అనవసరం. అవి 'చల్లగాలి చౌర్యద్వారములు'. వాటిని రబ్బరు ముద్దతో పూడ్చి, పైన మండలి లక్కముద్ర వేయాలి. ముద్ర చెరిపినవారికి మూడు రోజుల్లో క్వార్టరు రద్దు, ఉద్యోగం నుండి సస్పెన్షను.

హేమంతనగర్ క్వార్టర్లలో మొదట పూడిన ఇల్లు నరహరిదే. ఇన్‌స్పెక్టరు వచ్చి, మూసిన కిటికీ దగ్గర అగరువత్తి వెలిగించి, పొగ ఎటూ వాలకుండా నిటారుగా లేవడం చూసి ముచ్చటపడ్డాడు. వాకిటి తలుపుకు 'నిశ్చల గృహం' అన్న ఇత్తడి పలక కొట్టించి వెళ్ళాడు. నరహరి దాన్ని తువ్వాలుతో తుడిచి మురిసిపోయాడు.

అతని భార్య ఇందుమతి కొంగుతో ముక్కు మూసుకుని ఆ పలకను ఎగాదిగా చూసింది.

"బాగుందండీ. వల్లకాటికి కొట్టవలసిన బోర్డు మనింటికి కొట్టారు."

"నీకు పాలనాభాష అర్థం కాదులే."

"నాకు మిరపకాయల ఘాటు అర్థమవుతుంది. మంగళవారంనాడు వేయించాను. ఇవాళ శుక్రవారం."

నెల తిరగకముందే క్వార్టర్లలో అందరికీ తలనొప్పులు పట్టుకున్నాయి. కూర్చున్నవారు కూర్చున్నట్లే ఆవులించారు. పిల్లలు పుస్తకం తెరిస్తే నిద్రపోయారు. ఎండ తగ్గీ తగ్గకముందే జనమంతా మెట్లు దిగి, ఆవరణలో చాపలు పరచుకుని, నోళ్ళు తెరుచుకుని కూర్చోసాగారు. మండలి ఈ దృశ్యాన్ని ఫొటో తీయించి వార్షిక నివేదికలో వేసింది. కింద వ్యాఖ్య: "శీతలీకరణ ఫలితంగా నివాసితుల నడుమ వెల్లివిరిసిన సామాజిక సాన్నిహిత్యము."

ఇంతవరకు నరహరికి బాధ లేదు. ఆవులింత అతనికి వృత్తిధర్మం. బాధ మొదలైంది, కూతురు హైమ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన తరువాత.

పుట్టింది ఆడపిల్ల. మూడోరోజునే ఆసుపత్రి నుండి నిశ్చల గృహానికి వచ్చింది. వచ్చిన గంటనుండి ఏడుపు. పదకొండోనాడు పాపకు నీళ్ళుపోసి, ఇందుమతి ఆనవాయితీగా సాంబ్రాణి వేసింది. ఆ పొగ లేచి, ఏసీ పైభాగంలోకి దూరి, కిందిభాగంలోనుండి చల్లబడి వచ్చి, మంచంచుట్టూ ప్రదక్షిణం చేసి, మళ్ళీ పైకి వెళ్ళింది. సాయంత్రం దాకా అదే యాత్ర. పాప దగ్గి దగ్గి నీలుక్కుపోయింది.

యంత్రం చెడిపోయిందనుకుని నరహరి మెకానిక్కు మస్తాన్‌వలీని పిలిపించాడు. మస్తాన్ స్టూలెక్కి, మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాడు.

"మిషను బంగారంలా ఉంది సార్."

"మరి పొగ పోదేమయ్యా? బయటినుండి అంత గాలి తెస్తున్నప్పుడు లోపలిది పోవాలి కదా?"

మస్తాన్ స్టూలు మీదినుండే వంగి చూశాడు. "గాలి బయట్నుంచి వస్తందని ఎవురు చెప్పారు మీకు?"

"మూడో నిబంధన."

"ఆయనెవురో నాకు తెలవదు సార్. ఇదిగో, ఈ రెండు రాగి గొట్టాలు చూడండి. వీటిల్లో పోయేది గ్యాసు. గదిలో వేడిని మోసుకుపోయి బయట పారబోసి వస్తది. బయట పంకా తిరిగేది ఆ వేడిని ఊదేదానికి. గాలి మాత్రం ఇసుమంత కూడా లోనికి రాదు. ఈ లోపలి డబ్బా పైనించి గదిలో గాలే లాగుద్ది, చల్లబరస్తది, కిందనించి మళ్ళీ మీ మొకానే ఊదుద్ది. పొద్దున మీరు వదిలిన ఊపిరే సాయంత్రం పీలస్తన్నారు."

గుమ్మంలోనుండి ఇందుమతి అందుకుంది. "అంటే నా ఎండుమిరపకాయలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయన్నమాట."

"ఉంటయ్యమ్మా. ఎక్కడికి పోతయ్? జైల్లో పెట్టారుగా." మస్తాన్ స్టూలు దిగాడు. "ఏసీ గదిలో చల్లదనం ఉంటది గానీ కొత్తగాలి ఉండదు సార్. కొత్తగాలి కావాలంటే దారియ్యాల. ఈ కిటికీ నాలుగు వేళ్ళ సందు తియ్యండి, ఆ వంటింటి కన్నం తెరవండి. ఇటునించి వస్తది, అటునించి పోద్ది. రవ్వంత చల్లదనం తగ్గుద్ది, తగ్గనీండి. పసిబిడ్డ ఉన్న ఇంటో అంత చలెందుకసలు?"

"ముద్ర ఉందయ్యా."

"లక్కముక్కేగా సార్. గోరుతో గిల్లితే ఊడిపోద్ది."

"గిల్లితే నా ఉద్యోగం ఊడిపోద్ది," అన్నాడు నరహరి. రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

మరునాడే అతడు చీఫ్ ఇంజనీరు ఎదుట నిలబడి, యంత్రం గాలి తేవడం లేదని మెకానిక్కు చెప్పిన సంగతి విన్నవించాడు. త్రివిక్రమయ్య తలుపు వేసిరమ్మన్నాడు.

"సాంకేతికాభిప్రాయం ఇవ్వడానికి మెకానిక్కు సమర్థాధికారి కాడు. అది అలా ఉంచు. పోనీ, నిజంగానే తేదనుకో. మూడో నిబంధన తప్పవుతుంది. మూడోది తప్పయితే నాలుగోది తప్పు. అప్పుడు ఈ మండలి దేనికి? నేను దేనికి? నువ్వు దేనికి? కాసింత గాలి కోసం ఇంతమంది నాశనమైపోవాలా నరహరీ?"

"తలనొప్పుల ఫిర్యాదులు నాలుగు వందలు దాటాయండి."

"దాటనీ. లోపం గాలిలో లేదు. పీల్చేవారి సంఖ్యలో ఉంది."

ఈ వాక్యం మండలి చరిత్రను మలుపు తిప్పింది. పదిరోజుల్లో ప్రతి క్వార్టరుకూ, ప్రతి కార్యాలయానికీ కొలతలు తీసి 'శ్వాస సామర్థ్యం' నిర్ణయించారు. ద్వారాల మీద అంకెలు రాయించారు. మంజూరైన సంఖ్యకు మించి ఎవరూ శ్వాసించరాదు. చుట్టాలు వస్తే, వచ్చినంతసేపూ ఇంటివారు వంతులవారీగా బయట నిలబడాలి. పసిపిల్లల సంగతి ఏమిటని సందేహం రాగా ఒక డాక్టరును సంప్రదించి, దానికీ శాస్త్రీయంగా పరిష్కారం కనిపెట్టారు. ముసాయిదా నరహరే రాశాడు. రాసేటప్పుడు అది ఏ పసిపిల్ల అన్నది అతడు ఆలోచించలేదు. నిబంధనలు రాసేవారికి ముఖాలు కనిపించకపోవడం ఒక వరం.

నోటీసు వచ్చినప్పుడు చదివింది ఇందుమతి. గట్టిగా, ఒక్కొక్క మాటా విరిచి చదివింది.

"తమ క్వార్టరునందు మంజూరైన శ్వాసలు మూడు కాగా, వాస్తవ శ్వాసలు ఐదున్నరగా తేలినవి. వయోజనుడు నిమిషమునకు పదహారు పర్యాయములును, శిశువు నలుబది పర్యాయములును శ్వాసించుచున్నందున, సదరు శిశువును రెండున్నర మంది వయోజనులుగా భావించడమైనది. అదనపు శ్వాసలను ఏడు దినములలో తొలగించవలెను." ఆమె కాగితం కిందికి దించింది. "అడుగున మీ పొడి సంతకమే ఉందండోయ్. తాతగారు మనవరాలికి రాసిన మొదటి ఉత్తరం. దాచి ఉంచుతాను, పెద్దయ్యాక చూసుకుంటుంది."

మంచం మీద హైమ పాపను భుజాన వేసుకుని కూర్చుంది. "నాన్నా, నన్ను పంపించేస్తారా?" అంది.

"పచ్చి బాలింతరాలిని ఎక్కడికి పంపుతామమ్మడూ? మూడోనెల వచ్చేదాకా గడప దాటించం," అన్నాడు నరహరి.

"దాటించకపోతే ఇక్కడ పాప ఉండదు నాన్నా. నిన్న డాక్టరుగారు ఏం రాశారో చూడు."

డాక్టరు చీటీ మీద మందు పేరు లేదు. ఒకటే మాట ఉంది: 'గాలి'. దాని పక్కన: 'రోజుకు ఇరవై నాలుగు గంటలు. జాప్యం చేయరాదు.'

నిబంధనల్లో ఒక్క దారి ఉంది. 'అదనపు శ్వాస మంజూరుకై దరఖాస్తు'. పద్నాలుగు గడుల ఆ ఫారాన్ని రూపొందించిందీ నరహరే. ఇప్పుడు దాన్ని మొదటిసారిగా బల్లకు ఇవతలివైపు కూర్చుని నింపాడు. 'శ్వాసించవలసిన ఆవశ్యకత' అన్నచోట చాలాసేపు ఆలోచించి, 'ప్రాణం' అని రాశాడు. 'ఇంతకుపూర్వం శ్వాసించుచుండిన స్థలము' అన్నచోట 'లేదు' అని రాశాడు. డాక్టరు చీటీ జతపరిచాడు.

మూడు రోజులకు దరఖాస్తు అభ్యంతరాలతో తిరిగివచ్చింది. ఆవశ్యకత సంక్షిప్తంగా ఉన్నది, వివరించవలెను. పూర్వపు స్థలమునుండి నిరభ్యంతర పత్రము జతచేయలేదు. వైద్యుడు సూచించిన 'గాలి' ఏ కంపెనీదో పేర్కొనలేదు. అర్జీదారు సంతకము లేదు.

పాప వేలిముద్ర వేయించి మళ్ళీ పంపాడు. నోటీసు గడువు ముగిసే ఏడోరోజు మధ్యాహ్నం మూడు గంటలకు మండలి ఎదుట విచారణ అని కబురు వచ్చింది. అర్జీదారు స్వయంగా హాజరు కావలెను.

మండలి సమావేశమందిరం రాష్ట్రంలోకెల్లా నిశ్చలమైన గది. వెంట్రుక వాసి సందు లేదు. ద్వారం మీద ఎర్రంకెల్లో 'శ్వాస సామర్థ్యం: 12' అని ఉంది. అధ్యక్షులు, చీఫ్ ఇంజనీరుతో కలిపి పదిమంది సభ్యులు, కార్యవివరాలు రాసుకునే నరహరి: సరిగ్గా పన్నెండు. హైమ పాపతో లోపలికి వచ్చి గోడవారన నిలబడింది. ఎవరో తలుపు మూశారు.

అంతకుముందే పక్క శాఖవారి సమావేశం రెండు గంటలు జరిగిన గది అది. సభ్యుల కళ్ళు మూతలు పడుతున్నాయి. అధ్యక్షులు ఆవులింత మధ్యలో ప్రారంభించారు.

"అర్జీదారు నిమిషానికి నలభై శ్వాసలు తీసుకుంటున్నట్లు అంగీకరిస్తున్నారా? తగ్గించుకోవడానికి ఏమైనా ప్రయత్నం చేశారా?"

"పాప వయస్సు ముప్ఫై రోజులండీ," అంది హైమ.

"వయస్సును బట్టి నిబంధనలు సడలిస్తూ పోతే ప్రతివాడూ ఏదో ఒక వయస్సుతో వస్తాడమ్మా."

త్రివిక్రమయ్య ఒక పటం విప్పి, గాలి పరిమాణాన్ని ఘనపుటడుగుల్లో వివరించసాగాడు. పాప మొదట గుక్కపట్టి ఏడ్చింది. తరువాత ఆగి ఆగి ఏడ్చింది. ఆ తరువాత చిన్నగా మూలిగింది. సభ్యులకు ప్రశాంతంగా అనిపించింది.

"నాన్నా," అంది హైమ. "పాప ఏడవడం లేదు నాన్నా."

నరహరి చేతిలో కలం ఆగింది. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగకుండా అతడు సమావేశంలో లేచి నిలబడడం అదే మొదటిసారి.

"అధ్యక్షా, ఒక నిబంధనాపరమైన అభ్యంతరం."

"నువ్వా?"

"ఈ మందిరంలో మంజూరైన శ్వాసలు పన్నెండు. మనం పన్నెండుమందిమి. బాలింత ఒకటి, శిశువు రెండున్నర. మొత్తం పదిహేనున్నర. పదకొండో నిబంధన ప్రకారం సామర్థ్యానికి మించి శ్వాసలున్న గదిలో తీసుకున్న ఏ నిర్ణయమూ చెల్లదు. ఉల్లంఘనకు గదిలోని అత్యున్నతాధికారి వ్యక్తిగతంగా బాధ్యులు."

అధ్యక్షుల నిద్ర ఎగిరిపోయింది. "అయితే ఆ తల్లీపిల్లల్ని బయటికి పంపండి!"

"పంపితే అర్జీదారు గైర్హాజరు. విచారణ చెల్లదండి."

"అయితే మూడున్నర మంది సభ్యులు బయటికి వెళ్ళండి."

ఎవరూ కదలలేదు. అంతలో త్రివిక్రమయ్య కలగజేసుకుని, మూడున్నరలో ఆ అర ఎవరని అడిగాడు. అందరి చూపులూ సభ్యుల్లో ఒకరైన అదనపు కార్యదర్శి మీదికి మళ్ళాయి. ఆయన ఆ పదవిలో సగం బాధ్యతలే చూస్తున్నాడు.

"నాకు ఇచ్చింది సగం బాధ్యతలే గానీ, ఊపిరి పూర్తిగానే పీలుస్తున్నానండి," అన్నాడాయన నొచ్చుకుని.

"ఎవరు వెళ్ళినా కోరం పోతుంది సార్," అన్నాడు నరహరి. "కోరం పదకొండు. నిబంధనల ప్రకారం మండలి ఈ గదిలో ఉండడానికి వీల్లేదు. సామర్థ్యం నిర్ణయించని చోటు ఒక్కటే ఉంది. వరండా."

అధ్యక్షుల ముందు రెండే దారులున్నాయి: వ్యక్తిగత బాధ్యత, వరండా. ఆయన లేచారు. కుర్చీలు వరండాలోకి వెళ్ళాయి. హైమ అందరికంటే ముందే పరుగెత్తింది.

ఎదురుగా ఉన్న కాలువ మీదినుండి పైరగాలి వస్తున్నది. హైమ పాపను ఎదురుగాలికి ఎత్తి పట్టుకుంది. నరహరి కుర్చీలు సర్దలేదు, కాగితాలు సర్దలేదు. మనవరాలి పెదవులనే చూస్తూ నిలబడ్డాడు. పాప ఒక తుమ్ము తుమ్మింది. మరొకటి తుమ్మింది. పెదవులకు ఎరుపు తిరిగింది. ఆ పిమ్మట అది గుక్కపట్టి ఏడవగా, వింటున్న తాత కళ్ళు తడిశాయి.

అయిదు నిమిషాల్లో సభ్యుల ముఖాలు విచ్చుకున్నాయి. ఒకరు చొక్కా గుండీ తీసుకున్నారు. ఇంకొకరు టీ చెప్పారు. అధ్యక్షులు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గుండెనిండా పీల్చారు.

"ఆహా! ఈ వరండాలో ఏ యంత్రం పెట్టారయ్యా త్రివిక్రమయ్యా? ఇంత హాయిగా ఉంది!"

"విచారించి చెబుతాను సార్."

"ఇలాంటివి ఇంకో పది తెప్పించు." ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి ఊపారు. "ఆ పసిపిల్ల వ్యవహారం ఏదో ఒకటి రాసెయ్యవయ్యా నరహరీ. నీకు తెలియనిదేముంది?"

ఈ మాట కొత్తది కాదు. ప్రతి సమావేశమూ ఈ మాటతోనే ముగుస్తుంది. సభ్యులు మాట్లాడతారు, నరహరి రాస్తాడు, ఏం రాశాడో చదవకుండా సభ్యులు సంతకాలు చేస్తారు. రాష్ట్రాన్ని ఇన్నేళ్ళూ నడిపించినది ఈ పరస్పర విశ్వాసమే. దాన్ని నరహరి ఎన్నడూ దుర్వినియోగం చేయలేదు. ఆ సాయంత్రం మాత్రం కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, రెండే రెండు తీర్మానాలు రాశాడు. ఒకటి: యంత్రం బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. రెండు: ప్రతి గదిలోనూ ఒక కిటికీకి, ప్రతి వంటింట్లోనూ పంకా కన్నానికి ముద్ర తొలగించాలి, రేపు ఉదయం పదిన్నర నుండి అమలు.

పదకొండు సంతకాలు పడ్డాయి. త్రివిక్రమయ్య తన సంతకం కింద తేదీ కూడా వేశాడు.

అయిదున్నరకు నరహరి హైమనూ పాపనూ వెంటబెట్టుకుని ఇంటికి చేరాడు. తీర్మానాల నకలు ఇందుమతి చేతిలో పెట్టి, చెప్పులు విప్పకుండానే మంచం పక్కనున్న కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఏమండీ, పదిన్నరదాకా ఆగమన్నారుగా కాగితంలో?" అంది ఇందుమతి.

"పాపను ఆగమని చెప్పు, నేనూ ఆగుతాను."

కొబ్బరికాయ కొట్టే కత్తి తెచ్చి రబ్బరు ముద్దను చెక్కేశాడు. మస్తాన్ చెప్పినట్టు లక్క నిజంగానే గోటికి ఊడింది. కిటికీ నాలుగు వేళ్ళ మేర తెరిచి, వంటింట్లోకి వెళ్ళి కన్నం తెరిచాడు. ఇందుమతి వెళ్ళి కిటికీని మరో నాలుగు వేళ్ళు తెరిచింది.

మరునాడు ఉత్తర్వు వెలువడింది. మధ్యాహ్నానికి భుజంగరావుగారు విలేఖరులను పిలిచి, తాను ఎన్నో ఏళ్ళుగా పరిశోధించి రూపొందించిన 'గవాక్ష విధానం' గురించి గంటసేపు మాట్లాడారు. గాలిని యంత్రం సాయం లేకుండా ఇంట్లోకి రప్పించడం ప్రపంచంలో ఇదే ప్రథమమన్నారు. ఆయనకు శాలువా కప్పారు. త్రివిక్రమయ్య తన సంతకం కింది తేదీని చూపించి, ఆలోచన మొదట తనదేనని మెల్లిగా చెప్పుకున్నాడు. 'నిశ్చల గృహం' పలకలు పీకించి 'వాయు గృహం' పలకలు కొట్టించారు. మూడో నిబంధన రాసినందుకు ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు.

కిటికీ తెరిచినందుకు మాత్రం నరహరిని అడిగారు. ముందురోజు సాయంత్రం అతనింటి కిటికీ తెర కదలడం చూశామని ఎదురింటివారు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును వారు తమ సొంత కిటికీ తెరుచుకుని, ఆ వెలుతురులోనే కూర్చుని రాశారు. వారం తిరగకుండా అతనికి మెమో వచ్చింది.

"ఉత్తర్వు అమలులోనికి వచ్చుటకు పదిహేడు గంటల ముందే తాము ముద్రను ఛేదించినట్లు రూఢియైనది. ఆ పదిహేడు గంటల అనధికార వాయుప్రవేశమునకు తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

నరహరి మెమోను రెండుసార్లు చదివి, కాగితం తీసుకుని, జవాబు రాసి, పూర్తి సంతకం చేశాడు.

"ఆ పదిహేడు గంటలూ నా మనవరాలు ఊపిరి పీల్చింది. సంజాయిషీ లేదు."